ఆర్కిటెక్టు కావాలా, మేస్త్రి చాలా? ముగ్గు పోయకముందే చూసుకోవాల్సిన లెక్క

(సొంతిల్లు కట్టుకోబోయే కుటుంబాల కోసం హనుమకొండలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు వదులుకుని వచ్చారు, నేరుగా విషయంలోకి పోదాం.

ఇల్లు మొదలుపెట్టే ప్రతి కుటుంబంలో ఈ మాట వస్తుంది. "మేస్త్రి ఇరవై ఇళ్ళు కట్టిండు, మన వాడకట్టులో సగం ఆయన చేతి మీద లేచినవే. మళ్ళీ కాగితం మీద గీసే మనిషికి లక్ష రూపాయలు ఎందుకు?" అడగాల్సిన ప్రశ్నే. దానికి అందరికీ ఒకే జవాబు లేదు. మీ జాగా ఎట్లాంటిది, ఆ జాగాలో మీరు ఎన్ని పనులు ఇరికించాలనుకుంటున్నారు, ఈ రెండిటిని బట్టే తేలుతుంది. ఇంటి ఖర్చును బట్టి కాదు, ఇంటి గొప్పతనాన్ని బట్టి అసలే కాదు. అయితే ఒక్క మాట ముందే చెప్తాను, మధ్యలో కూడా మళ్ళీ చెప్తాను: ఆర్కిటెక్టు గురించి ఆలోచించుకోవచ్చు, స్ట్రక్చరల్ ఇంజనీరు గురించి ఆలోచన లేదు. పిల్లర్ల మీద లేచే ప్రతి ఇంటికీ ఇంజనీరు కావాల్సిందే.

ముందు ఎవరు ఎవరో చూద్దాం, ఎందుకంటే మన దగ్గర ప్లాను గీసే ప్రతి ఒక్కరినీ ఆర్కిటెక్టు అనేస్తున్నాం. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం ఆ పేరు పెట్టుకోవాలంటే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఉండాలి. ఐదేళ్ళ బీఆర్క్ చదివినవాళ్ళు వాళ్ళు. నంబరు 'సీఏ' అక్షరాలతో మొదలవుతుంది. అడగండి, కౌన్సిల్ వెబ్‌సైటులో చూసుకోండి, అడిగితే ఎవరూ తప్పు పట్టరు. స్ట్రక్చరల్ ఇంజనీరు వేరు: పునాది ఎంత లోతు, పిల్లరుకు ఎన్ని సలాకలు, స్లాబు ఎంత మందం, ఇవి ఆయన లెక్క. డ్రాఫ్ట్స్‌మన్ వేరు: మీరు చెప్పింది కంప్యూటర్లో గీసి ఇస్తాడు, గీయడం ఆయన పని, ఆలోచించడం కాదు. ఈ మధ్య త్రీడీ ఎలివేషన్ చేసేవాళ్ళు వచ్చారు. రంగురంగుల బొమ్మ ఇస్తారు, ఇంటి ముందు భాగం ఎట్లా కనపడుతుందో చూపిస్తారు. ఆ బొమ్మ చూసి "మా ఇంటి డిజైన్ అయిపోయింది" అనుకోవద్దు. లోపల ఒక్క గోడ కూడా ఇంకా తేలలేదు.

చట్టం ఏమంటుంది? తెలంగాణలో ఇళ్ళ అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో గ్రౌండు, పైన ఒక అంతస్తు వరకు అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 75 దాటి 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. స్వీయ ధ్రువీకరణ అంటే ఏమిటి? "నేను నిబంధన ప్రకారమే కడతాను" అని మీరు సంతకం పెట్టడం. అంటే తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది మేస్త్రి కాదు, ప్లాను గీసిన అబ్బాయీ కాదు, మీరే. తప్పుడు ధ్రువీకరణ అయితే నోటీసు లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి ఆర్కిటెక్టే గీయాలనే నిర్బంధం ఈ సైజు ఇళ్ళకు లేకపోయినా, నిబంధన తెలిసిన మనిషి గీయాలనే అవసరం మాత్రం ఉంది.

200 గజాల జాగా లోపల

ఇక మనకు బాగా తెలిసిన జాగా తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. 1,800 చదరపు అడుగులు, సరిగ్గా 200 గజాలు. ఈ హాల్లో సగం మందివి ఇవే ఉంటాయి. దీనికి 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. అడుగుల్లో చెప్తే ముందు 5, మిగతా మూడు వైపులా మూడుంపావు. ఏం మిగిలింది? వెడల్పు ఇరవై మూడున్నర, పొడవు యాభై ఒకటీ ముప్పావు. సుమారు 1,216 చదరపు అడుగులు.

ఇందులో కారు పెట్టాలి. ముందు వదిలిన 5 అడుగుల్లో కారు పట్టదు కదా, అది 13, 14 అడుగుల పొడవుంటుంది. 10 అడుగులు, 16 అడుగుల జాగా ఇంట్లోంచే తీయాలి: 160 పోయింది. మెట్లకు 65. చుట్టూ 9 అంగుళాల బయటి గోడ ఉందే, అదే 110 దాకా తింటుంది. మిగిలింది 880. ఈ 880లో హాలు, వంటగది, దేవుడి అర్ర, రెండు పడకగదులు, రెండు బాత్రూములు, అమ్మానాన్నలకు కింద ఒక గది. ఇదీ మీరు అడుగుతున్నది. ఈ లెక్క మీకు ఎవరైనా చెప్పారా? జాగా కొన్నప్పుడు 200 గజాలు అన్నారు, మనసులో 1,800 అడుగుల ఇల్లు కట్టేసుకున్నాం.

ఇంకో సంగతి. రిజిస్ట్రేషన్ కాగితంలో 30, 60 అని ఉన్నంత మాత్రాన నేల మీద అట్లా ఉండదు. టేపు పట్టి నాలుగు వైపులా కొలవండి, తర్వాత మూల నుంచి మూలకు రెండు కర్ణాలు కొలవండి. 30, 60 సరైన జాగా అయితే రెండు కర్ణాలూ 67 అడుగుల 1 అంగుళం రావాలి. ఒకటి 68, ఒకటి 66 వచ్చిందంటే జాగా వంకరగా ఉంది. అప్పుడు ఎదురుబొదురు గోడలు సమానమైనా మూలమట్టం కుదరదు. వంకర జాగా అయితే, మూల మీద జాగా అయితే, వెడల్పు 25 అడుగుల లోపు ఉంటే, నా మాట వినండి, ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్ళండి. అక్కడ మేస్త్రి అనుభవం పని చేయదు, ఎందుకంటే ఆయన కట్టిన ఇరవై ఇళ్ళూ నలుచదరం జాగాల్లోవి.

మెట్ల దగ్గర కాసేపు ఆగుదాం. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే, జరిగాక దిద్దుకోలేనిదీ ఇదే. కింది నేల నుంచి పై నేలకు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. ఒక్కో మెట్టు ఎత్తు 7 అంగుళాలైతే 18 మెట్లు. తొమ్మిది ఎక్కి, తిరిగి, తొమ్మిది ఎక్కుతారు. ఒక్కో వరుసలో కాలు పెట్టే పలకలు ఎనిమిదే, తొమ్మిదో అడుగు తిరిగే చోట గానీ పై నేల మీద గానీ పడుతుంది. ఒక్కో పలక 10 అంగుళాలు: 6 అడుగుల 8 అంగుళాలు. తిరిగే చోట 3 అడుగులు. మొత్తం 9 అడుగుల 8 అంగుళాల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు కావాలి. ఇది కాగితం మీద ముందే వేసుకుంటే సరే. వేసుకోకపోతే? హాలు పెద్దగా ఉండాలని మెట్లకు ఏడున్నర అడుగులు వదులుతారు. తిరిగే చోటుకు 3 పోగా మిగిలేది నాలుగున్నర, 54 అంగుళాలు. పలకను 9 అంగుళాలకు తగ్గించినా ఆరే పడతాయి, అంటే ఒక్కో వరుసకు ఏడు మెట్లే. రెండు వరుసలు కలిపి 14 మెట్లు. 126ను 14తో భాగించండి. ఒక్కో మెట్టు 9 అంగుళాల ఎత్తు! మోకాళ్ళ నొప్పులున్న తల్లి ఆ మెట్లు ఎక్కి పైకి రాగలదా? ఇంకా ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో ఉండేది మీరే, అప్పటికి మీ మోకాళ్ళ సంగతేమిటి?

అదే మెట్ల కింద బాత్రూం పెడదామంటారు. అందరూ అంటారు. తిరిగే పలక ఎంత ఎత్తులో ఉంది? తొమ్మిది మెట్లు, ఒక్కోటి 7 అంగుళాలు: 63 అంగుళాలు. పలక మందం, కింద ప్లాస్టరింగు కలిపి 6 పోతే 57. నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు. మనిషి నిలబడలేడు. నిలబడాలంటే మొదటి వరుసలో 12 మెట్లు, రెండో వరుసలో 6 పెట్టుకోవాలి, అప్పుడు కింద ఆరున్నర అడుగులు దొరుకుతుంది. కానీ మెట్ల పొడవు 12 అడుగుల 2 అంగుళాలు అవుతుంది. ఇది ఎప్పుడు తేలాలి? పిల్లర్ల గోతులు తీయకముందు. గోతులు తీశాక పిల్లరు జరగదు, పిల్లరు జరగకపోతే మెట్లు జరగవు. ప్లాను ఎవరు గీసినా సరే, మొదట మెట్ల కొలత అడగండి. మెట్టు ఎత్తు ఎంత, పలక ఎంత, తిరిగే చోటు కింద ఎంత ఖాళీ. ఈ మూడింటికి వెంటనే అంకెల్లో జవాబు చెప్పినవాళ్ళు మీ ఇల్లు ఆలోచించారు. "అది సైటు మీద చూసుకుందాం" అన్నవాళ్ళు ఆలోచించలేదు.

రెండోది వెలుతురు. మీరు ఒక మీటరు వదిలారు, పక్కవాళ్ళు ఒక మీటరు వదిలారు, మధ్యలో రెండు మీటర్ల సందు. రెండు వైపులా రెండంతస్తులు లేస్తే ఆ సందులోకి వెలుతురు దిగదు. యాభై అడుగుల పొడవు ఇంట్లో ముందు గదికీ వెనుక గదికీ వెలుతురుంటుంది, మధ్యలో భోజనాల చోట పొద్దున పదకొండింటికి కూడా లైటు వేసుకోవాలి. మన పాత భవంతి ఇళ్ళు గుర్తు చేసుకోండి. మధ్యలో ఆకాశం కనపడే చోటు, చుట్టూ అర్రలు. వాళ్ళకు ఈ సంగతి తెలుసు. మనం అంత జాగా వదలలేం, నిజమే. కానీ ఇంటి మధ్యలో 4 అడుగులు, 6 అడుగుల వెలుతురు గూడు వదిలితే పోయేది 24 చదరపు అడుగులే. పైన జాలీ వేసి, దాని మీద ఎత్తుగా గాజు కప్పు పెట్టి, గాజుకూ జాలీకీ మధ్య పక్కల నుంచి గాలి పోయేట్టు వదిలితే వానా రాదు, వేడీ పైకి పోతుంది. ఎండాకాలం రామగుండంలో, మంచిర్యాలలో ఎట్లా కాలుతుందో మీకు చెప్పేదేముంది. ఆ గూడు ఎక్కడ పెట్టాలి, దాని చుట్టూ ఏ గది తలుపు తెరవాలి, ఇది ఆర్కిటెక్టు చేసే అసలు పని. ముందు గోడకు రాళ్ళు అంటించడం కాదు.

ఇంజనీరు గురించి, మళ్ళీ

మొదట్లో చెప్పాను, మళ్ళీ చెప్తున్నాను. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలింది. ఇక్కడా కదిలింది, మీలో చాలామంది బయటికి వచ్చి నిలబడ్డారు. మన దగ్గర భూకంపాలు రావు అనే మాట ఆ రోజుతో పోవాలి.

పిల్లరులో నిలువు సలాకల చుట్టూ వేసే రింగు చూడండి. దాని కొస మామూలుగా మూలమట్టంగా, 90 డిగ్రీల దగ్గర వంచి వదిలేస్తారు. ఇల్లు ఊగినప్పుడు పిల్లరు పైనున్న సిమెంటు రాలుతుంది, రాలగానే ఆ రింగు తెరుచుకుంటుంది, తెరుచుకుంటే సలాకలు బయటికి వంగుతాయి. అదే కొసను 135 డిగ్రీలు, అంటే పిల్లరు గుండెలోకి వంచి, కనీసం 65 మిల్లీమీటర్లు లోపలికి దించితే తెరుచుకోదు. పిల్లరు కిందా పైనా, బీము కలిసే చోట ఒకటిన్నర అడుగు మేర రింగులు 4 అంగుళాలకు మించని దూరంలో రావాలి. సలాకలు వంచేవాళ్ళకు దీని వల్ల రోజు పని పెరుగుతుంది, అందుకే ఎవరూ అడగకపోతే చేయరు. డ్రాయింగులో ఉంటే అడగొచ్చు. లేకపోతే ఏమని అడుగుతారు?

మేస్త్రి సలాకలు తక్కువ వేస్తాడని కాదు నా మాట. చాలాసార్లు ఎక్కువే వేస్తాడు, వేయాల్సిన చోట కాకుండా. 1,200 అడుగుల స్లాబు ఇంటికి చదరపు అడుగుకు అర కిలో ఎక్కువైతే 600 కిలోలు. టన్ను 60,000 అనుకుంటే 36,000 రూపాయలు మట్టిలో, గోడలో పోయాయి. ఇంజనీరు ఫీజులో పెద్ద భాగం అక్కడే తిరిగి వచ్చింది.

మట్టి సంగతి. మన జిల్లాల్లో ఒక వీధిలో ఎర్రటి చెల్క నేల, పక్క వీధిలో నల్లరేగడి ఉంటుంది. నల్లరేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంగి పగులుతుంది. ప్రతి ఏడాదీ అంతే. దాని మీద నేరుగా పునాది వేస్తే గోడలు మెట్లు మెట్లుగా, ఏటవాలుగా పగులుతాయి. ప్లాస్టరింగు ఎన్నిసార్లు చేసినా పగులు మళ్ళీ వస్తుంది. కాకతీయులు రామప్పకు పునాది గోతుల్లో ఇసుక నింపి దాని మీద గుడి నిలబెట్టారు, నేల గుణం చూడకుండా రాయి పేర్చలేదు. మీరు చేయాల్సింది చిన్న పని: డిజైనుకు ముందే జేసీబీతో జాగా రెండు మూలల్లో ఆరేసి అడుగుల గోతులు తీయించండి. ఇంజనీరు దిగి చూడాలి. గట్టి మొరం ఎక్కడ తగిలింది, రేగడి ఎంత మందం, పాత కుంటను పూడ్చిన మట్టా. అనుమానం ఉంటే మట్టి పరీక్ష చేయించండి. రేగడి అయితే గదుల నేల కింద కూడా దాన్ని తీసేసి, మొరం ఒక్కో పొర 6 నుంచి 9 అంగుళాలు పోసి నీళ్ళు కొట్టి దిమ్మిస చేయాలి. ఒక్కసారే మూడడుగులు పోస్తే పై పొర గట్టిపడి కింద అంతా గుల్లగా ఉంటుంది, రెండేళ్ళకు టైల్స్ కుంగుతాయి.

నీళ్ళ సంగతీ అంతే. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్ నాలా చుట్టుపక్కల ఏమైందో అందరం చూశాం. చెరువు పది హెక్టార్లు, అంతకు పైన ఉంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు, అంటే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. జాగా కొనకముందే ఇది చూడాలి. కొన్నాక ఆర్కిటెక్టూ ఏం చేయలేడు, ఇంజనీరూ ఏం చేయలేడు.

ఎవరికి అక్కర్లేదో కూడా చెప్పాలి. ఇందిరమ్మ ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకు, 5 లక్షల సాయంతో 400 నుంచి 600 అడుగుల్లో కట్టేవాళ్ళకు ఆర్కిటెక్టు ఫీజు భారం వద్దు. ఊర్లో విశాలమైన జాగా, నాలుగు వైపులా గాలి, కింద మూడు గదులే, పైన ఇప్పట్లో లేదు అంటే మంచి ఇంజనీరు, మంచి మేస్త్రి చాలు. మిగతావాళ్ళకు మధ్య దారి ఒకటుంది. ప్లాను మీ ఇంజనీరుతోనే గీయించండి, గోతులు తీయకముందు ఒక ఆర్కిటెక్టుకు రెండు మూడు గంటల ఫీజు ఇచ్చి కూర్చుని దిద్దించండి. వంకర లేని 30, 60 జాగాకు చాలామందికి ఇది సరిపోతుంది.

ఫీజు లెక్క ఇట్లా వేసుకోండి. ఇల్లు 40 లక్షలది, ఫీజు 3 శాతం అడిగారనుకుందాం: 1,20,000. ఎక్కువ అనిపిస్తుంది. ఇప్పుడు మీ ప్లానులో నడవ చూడండి. గదుల మధ్య 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు నడవ ఉందా? 60 చదరపు అడుగులు. అడుగుకు 2,000 ఖర్చు అనుకుంటే అదే 1,20,000. నడిచి పోవడానికి తప్ప దేనికీ పనికిరాని చోటు. ఆ నడవను తీసేసి ఆ 60 అడుగులను వంటగదికి కలిపితే ఫీజు వచ్చేసింది. తీసేయలేకపోతే ఫీజు దండగ. కాబట్టి ఒప్పందానికి ముందే ఒక మొదటి నమూనా ప్లానుకు చిన్న మొత్తం ఇచ్చి గీయించుకోండి, నచ్చితేనే ముందుకు పోండి.

వాస్తు మనవాళ్ళకు ముఖ్యం, కాదనను. కానీ వరుస ముఖ్యం. సిద్ధాంతి గారిని గీత మొదలుకాకముందే అడగండి: ఈశాన్యంలో ఏముండాలి, నైరుతిలో ఏముండాలి, దర్వాజ ఎటు, ఏది తప్పనిసరి, ఏది కుదిరితే చాలు. ఆ కాగితం ఆర్కిటెక్టుకు ఇవ్వండి. డ్రాయింగులన్నీ అయ్యాక తీసుకుపోయి చూపిస్తే బాత్రూం జరుగుతుంది, దాంతో పైపులు, దాంతో బీము, అన్నీ మళ్ళీ గీయాలి. నైరుతి పడకగది అంటారు కదా, పడమటి ఎండంతా దాని మీదే. అందుకే ఆ గోడకు కిటికీ చిన్నది, సజ్జ రెండడుగులు, గాలికి దక్షిణం కిటికీ అని ముందే రాసుకోవాలి.

గల్ఫ్‌లో ఉండి ఇక్కడ ఇల్లు కట్టిస్తున్న కుటుంబాలు జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి వచ్చారు. అక్కా, మీవాళ్ళు ఫోనులో వీడియో చూసి డబ్బులు పంపిస్తారు. వీడియోలో సలాక మందం కనపడదు. మీకు డ్రాయింగు కంటే సైటుకు వచ్చి చూసే మనిషి ముఖ్యం. ఎన్నిసార్లు వస్తారో ఒప్పందంలో రాయించండి. నేల మీద పునాది గీతలకు ముగ్గు పోసినప్పుడు, పునాదిలో కాంక్రీటు పోయకముందు, ఇంటి నేల మట్టం దగ్గర వచ్చే ప్లింత్ బీము కట్టినప్పుడు, తలుపులు, కిటికీల పైన వచ్చే లింటల్ దగ్గర, స్లాబు పోయడానికి ముందు రోజు, గోడల్లో పైపులు వేశాక ప్లాస్టరింగు ముందు, బాత్రూంలో నీళ్ళు నింపి చూసేటప్పుడు. ఏడుసార్లు. స్లాబు ముందు రోజు రావడం మాత్రం వదులుకోవద్దు. ఒకసారి పోశాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు. వాళ్ళు వచ్చి సంతకం పెట్టాకే ఆ దశ డబ్బులు గుత్తేదారుకు.

చేతికి ఏ కాగితాలు రావాలి? కొలతలతో ప్రతి అంతస్తు ప్లాను. పిల్లర్ల మధ్య గీతల డ్రాయింగు, ముగ్గు పోసేది దీంతోనే. పునాది, బీములు, స్లాబు సలాకల డ్రాయింగులు, ఇంజనీరు సంతకంతో. మెట్ల డ్రాయింగు విడిగా. తలుపులు, కిటికీల పట్టిక. కరెంటు, నీళ్ళ పైపులు. ఇల్లు నిలువునా కోసినట్టు చూపించే సెక్షన్, ఎందుకంటే రోడ్డుకంటే ఇంటి నేల ఎంత ఎత్తో అందులోనే తెలుస్తుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, రెండున్నర, మూడు అడుగులు లేకపోతే పదేళ్ళలో మోరి నీళ్ళు గడపలోకి వస్తాయి. ప్లాను ఒక్కటే ఇచ్చి ఫీజు పూర్తిగా అడిగితే ఇవ్వొద్దు. నమూనా ఖరారైతే కొంత, అనుమతికి కొంత, సలాకల డ్రాయింగులు చేతికొస్తే కొంత, మిగిలింది సైటుకు వచ్చే కొద్దీ.

దసరా తర్వాత ముగ్గు పోయాలనుకునేవాళ్ళు ఈ వానాకాలమంతా కాగితం మీద పని చేయండి, రెండు మూడు నెలలు పడుతుంది. ప్లానులు తెచ్చుకున్నవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కుని ఇటు టేబుల్ దగ్గరికి రండి. టేపు, స్కేలు ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం, మెట్ల దగ్గర మొదలుపెడదాం.